మందు పట్టిన కర్రకీ చూరు కావాలి

మా బావగారు ఈమధ్యే రిటైరయ్యారు. అప్పుడే ఇంట్లో చోటు చాలడం లేదంటున్నారు. ఒడిశా బరంపురంలో వాళ్ల పెరట్లో మామిడిచెట్టుకీ ప్రహరీకీ మధ్య కొంత ఖాళీ ఉంది. అక్కడ ఒక కర్రగది కట్టించుకుని, పుస్తకాలూ హార్మోనియమూ అందులోకి మార్చేసుకోవాలని ఆయన కోరిక. పైన్ కర్ర చూసుకున్నారు, ప్రెషర్ ట్రీట్‌మెంట్ అయినది, అంటే పుచ్చిపోకుండా ఒత్తిడితో మందు ఎక్కించినది. అమ్మే అబ్బాయి చెప్పిన మాట ఆయనకి మరీ నచ్చేసింది: "ట్రీటెడ్ సార్ ఇది. వానా ఎండా ఏం చెయ్యలేవు. పాతికేళ్లు తిరిగి చూడక్కర్లేదు."

ఆ సాయంత్రమే అక్క ఫోన్ చేసింది. "నువ్వోసారి మీ బావతో మాట్లాడవే. పాతికేళ్లు తిరిగి చూడక్కర్లేని వస్తువు ఈ ఊళ్లో ఏదుందే?" అంది. అక్క బాధ అర్థం చేసుకోవచ్చు. గోపాలపూర్ సముద్రం వాళ్లింటికి పదిహేను కిలోమీటర్ల పైచిలుకు. గేటు గడియలు తుప్పు పట్టడం చూస్తూ పెరిగిన కుటుంబం మాది.

మాట్లాడాను. తేలలేదు. ఇక్కడ పర్లాకిమిడిలో మా పెరట్లో కూడా ఒక కర్రగది ఉంది, తిత్లీ తుఫాను తర్వాత కట్టించాం. దాన్ని చూస్తూ నాకు కుదిరిన అభిప్రాయం ఒకటే. ట్రీటెడ్ కర్రగది మీద పెట్టే డబ్బు ముందుగా గది కింది ఎత్తు అరుగుకీ చూరుకీ గాలాడే సందులకీ పెట్టాలి, పూత డబ్బాలు ఆఖర్న కొనాలి. మన వాతావరణంలో కర్ర తడవకుండా ఎవరూ ఆపలేరు. తడిసింది తొందరగా ఆరేలా కట్టుకోగలం, అంతే. బావగారు దీనికి చెప్పిన అభ్యంతరాల్లో కొన్ని మాత్రం నన్ను నిజంగానే తికమక పెట్టాయి.

మందు చేసే పని

కర్రని పెద్ద ఇనప సిలిండర్లో పెట్టి, ముందు గాలి లాగేసి, ఆ తర్వాత మందు నీళ్లని ఒత్తిడితో లోపలికి ఎక్కిస్తారు. ఈ పనికి ప్రపంచమంతా దశాబ్దాల పాటు వాడిన మందు రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిసినది. దాన్ని 1933లో కనిపెట్టినవారు డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో పనిచేసిన సొంఠి కామేశం. ఇంటిపేరు వింటేనే మనాయన అనిపిస్తుంది. టేకు కొనలేని దేశంలో చవక కర్రని నిలబెట్టడానికి పనికొచ్చిన మందు అది. ఆర్సెనిక్ భయంతో అమెరికాలో 2003 చివరితో ఇళ్ల వాడకానికి ఆపేశారు. ఇప్పుడు అక్కడ తోట గదులకి వచ్చే కర్రలో ఎక్కువగా రాగి ప్రధానంగా ఉండే వేరే మందులుంటున్నాయి.

ఏ మందైనా చేసేది ఒకటే: కర్రని పుచ్చిపోయేలా చేసే శిలీంధ్రానికీ చెదలకీ అది తిండి కాకుండా చేస్తుంది. నీటిని ఆపదు. ట్రీటెడ్ పలక కూడా మామూలు పలకలాగే వానకి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది, వంకర తిరుగుతుంది, పగులుతుంది. పగిలిన చోట లోపలి కర్ర బయటపడుతుంది. చిక్కంతా అక్కడే. మందు, చేవ (మాను నడిమి గట్టి కర్ర) చుట్టూ ఉండే తెల్లకర్రలోకి బాగా దిగుతుంది, చేవలోకి సరిగా దిగదు. పైగా సైటు దగ్గర వడ్రంగి రంపం పెట్టిన ప్రతిచోటా మందు పట్టని కొత్త ముఖం తయారవుతుంది. ఆ కోత మొన నిలువు పీచుల గొట్టాల మూతి లాంటిది. పక్క ముఖం కన్నా ఎన్నో రెట్లు వేగంగా నీళ్లు తాగుతుంది. కోసిన ప్రతి మొనకీ, తొలిచిన ప్రతి బెజ్జానికీ అక్కడికక్కడే ప్రిజర్వేటివ్ మందు బ్రష్‌తో పట్టించాలి. గోడ లేచాక పూద్దామంటే ఆ మొనలు చేతికందవు.

బావగారిని గ్యారంటీ కార్డు చదివి వినిపించమన్నాను. కళ్లజోడు వెతుక్కుని చదివారు. పుచ్చడానికీ పురుగుకీ గ్యారంటీ ఉంది. పగుళ్లూ, వంకరలూ, రంగు మారడమూ దాని కిందకి రావు. సైటులో కోసిన మొనలకి కొనుగోలుదారే మందు పూసుకోవాలి. "అంటే వానకి గ్యారంటీ లేదన్నమాట" అన్నారాయన, కాస్త ఆగి. దుకాణం అబ్బాయి అబద్ధమాడాడని నేననను. అతనికి తెలిసింది అతను చెప్పాడు.

స్క్రూల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. కర్రలో రాగి, గాలిలో ఉప్పు. మామూలు ఇనప స్క్రూ ఆ రెండింటి మధ్యా ఎక్కువ కాలం బతకదు. తల కింద నల్లటి చార దిగుతుంది, తర్వాత తలే ఊడొస్తుంది. స్టెయిన్‌లెస్ కొనండి. కనీసం వేడి జింకులో ముంచిన గాల్వనైజ్డ్ రకమైనా వాడండి. ఈ ఖర్చు దగ్గర బేరాలాడేవాళ్లతో నేను వాదించను.

అరుగు, చూరు, తుఫాను

మా మేస్త్రి సగం తెలుగు, సగం ఒడియా మాట్లాడతాడు. కట్టేటప్పుడు ఆయన పదే పదే ఒకటే అనేవాడు: "తడిసినా పర్లేదు మేడమ్‌గారూ, ఆరకపోతేనే పోద్ది." కర్రలో తేమ సుమారు 20 శాతం లోపు ఉంటే శిలీంధ్రం పెరగలేదు. వాన వెలిసిన తర్వాత గాలి తగిలే పలక ఆ లెక్కలోకి దిగిపోతుంది. మట్టికి ఆనుకున్నదీ, సిమెంటులో పాతిందీ, ప్రహరీ గోడకి ఒరిగిందీ దిగదు.

అందుకే ముందు అరుగు. చూరు నీళ్లు నేలమీద పడి అడుగు ఎత్తు దాకా చిందుతాయి. మీ ఇంటి బయటి గోడ మీద ఎర్రమట్టి చారలు ఎంత ఎత్తు దాకా ఉన్నాయో చూసుకుంటే మీకే తెలుస్తుంది. కర్ర ఆ చారల పైనుంచి మొదలవ్వాలి. చూరు నీళ్లు పడేచోట కంకర పోస్తే చిందడం తగ్గుతుంది. స్తంభాన్ని కాంక్రీటులో పాతితే దాని అడుగు గిన్నెలో నిలబడ్డట్టే, చేరిన నీళ్లకి పోయే దారుండదు. ఇనప చెప్పు లాంటి బ్రాకెట్ మీద, కింద సందు వదిలి, బోల్టులతో బిగించాలి. నేల కింద గాలాడితే ఇంకో లాభం, చెదల మట్టి గొట్టాలు పైకెక్కుతుంటే కంటికి కనబడతాయి. చెదలు ట్రీటెడ్ కర్రని తినవు కానీ దాని మీదుగా గొట్టం కట్టుకుని లోపలి పుస్తకాల దాకా పోగలవు. ఈ మాట విన్నాక బావగారు మొదటిసారి కంగారు పడ్డారు.

తర్వాత చూరు. ఉత్తరాంధ్ర తీరంలోని పాత చుట్టిళ్లు చూసినవాళ్లకి దీని గురించి వేరే చెప్పక్కర్లేదు. తాటాకు కప్పు మనిషి వంగి వెళ్లేంత కిందకి దిగుతుంది, మట్టి గోడకి వాన తగలనే తగలదు. మా చుట్టుపక్కల కొండల్లో సవరల పాత ఇళ్లూ అంతే, ఎత్తు అరుగు, ముందుకి దిగిన కప్పు. మట్టి గోడ నిలబడింది పైపూత బలం వల్ల కాదని ఆ ఇళ్లు చూస్తే తెలుస్తుంది.

ఇంతవరకూ చెప్పి నేను గెలిచాననుకున్నాను. అప్పుడు బావగారన్నారు, "చూరు అంత పెద్దది పెడితే ఫైలిన్ లాంటిది వచ్చిన రోజు కప్పు ఎక్కడ వెతుక్కోను?"

ఇదే నన్ను ఇబ్బంది పెట్టిన ప్రశ్న. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది, గంటకి 200 కి.మీ. దాటిన గాలులతో. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర దాటి మా గజపతి జిల్లాని చీల్చేసింది. గాలి వేగం రెట్టింపైతే దాని తోపు నాలుగింతలవుతుంది. బయటికి చాచిన చూరు కింద ఆ గాలి దూరితే కప్పుని కిందనుంచి ఎత్తుతుంది. చుట్టింటి కప్పు గుండ్రంగా, వాలుగా, నేలకి దగ్గరగా ఉంటుంది కాబట్టి గాలి దాని మీదుగా జారిపోతుంది. చదరపు గదికి అంత చూరు తగిలించి "మన పూర్వీకుల విజ్ఞానం" అంటే కుదరదు. చూరు పెంచితే రోజువారీ వానకి మంచిది, కొన్నేళ్లకోసారి వచ్చే తుఫానుకి చెడ్డది. రెండూ నిజమే.

మా మేస్త్రి చేసిన పని చెబుతాను. అసలు గది చూరుని అడుగున్నర దగ్గర ఆపేశాడు. జల్లు కొట్టే వైపు మాత్రం కింద విడిగా ఒక చిన్న వసారా కప్పు వేశాడు, దాని వాసాలు అసలు కప్పు వాసాలతో కలవవు. తుఫాను వసారాని ఎత్తుకుపోయినా గది కప్పు దానితో పాటు లేవకూడదని ఆయన లెక్క. కప్పు నాలుగు వైపులా వాలుగా చేశాడు, రెండు వైపుల వాలు కప్పు కన్నా అది గాలికి బాగా నిలబడుతుంది. వాసానికీ స్తంభానికీ, స్తంభానికీ పునాదికీ ఇనప పట్టీలు. కర్రగది తేలిక కనక అది పడిపోవడం కన్నా లేచిపోవడం గురించే ఎక్కువ భయపడాలి. అడుగున్నర చూరు అన్ని జల్లులనీ ఆపుతుందా అంటే ఆపదు. ఆగ్నేయం నుంచి వాన అడ్డంగా కొట్టినప్పుడు గోడ నిండా తడుస్తుంది. తర్వాత ఆరుతుంది.

ఆ ఆరడానికే పలకల వెనక సందు. పలకల్ని ఫ్రేముకి నేరుగా అంటించకుండా నిలువుగా సన్న కర్ర బద్దలు, అంటే రీపర్లు, కొట్టి వాటి మీద బిగిస్తే వెనక వేలెడు సందు మిగులుతుంది. కిందా పైనా దోమల జాలీ పెట్టి వదిలేస్తే చాలు. పలక మీద పలక ఎక్కేచోట ప్రతి పలకనీ ఒక అంచు దగ్గరే బిగించాలి. రెండంచులూ బిగిస్తే అది ఉబ్బి ముడుచుకునేటప్పుడు మధ్యలో చీలుతుంది. ఆ చీలికని సిలికాన్‌తో పూడ్చేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. లోపలికి పోయిన నీళ్లు ఎటు రావాలి?

చలిదేశాల వీడియోలు

బావగారు ఏసీ పెట్టుకుంటారట. అందులో తప్పేం లేదు, మే నెలలో బరంపురంలో హార్మోనియం వాయించాలంటే కావలసిందే. కానీ ఆయన యూట్యూబ్‌లో చూసిన ప్రతి కర్రగదిలోనూ లోపలి పలక వెనక ప్లాస్టిక్ షీట్ పరుస్తున్నారు, తేమ గోడలోకి పోకుండా. ఆ వీడియోలు తీసినవాళ్లు హీటర్ వేసుకునే దేశాలవాళ్లు. వాళ్లకి వెచ్చటి తేమ గాలి గది లోపల ఉంటుంది, చలి బయట. అందుకని లోపలి వైపు అడ్డం పెడతారు. మనకి తిరగబడుతుంది. తేమ గాలి బయట, చల్లదనం లోపల. ఆగస్టులో గదిని ఏసీతో చల్లబరిస్తే బయటి తేమ గోడలోకి వచ్చి ఆ చల్లటి ప్లాస్టిక్ మీద నీళ్లై కారుతుంది, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా మీద పట్టే చెమటలాగా. గోడ లోపల, కంటికి కనబడకుండా. వినైల్ వాల్‌పేపర్ అంటించినా అదే పని చేస్తుంది.

దీని మీద మా ఇద్దరికీ పెద్ద వాదనే జరిగింది. "అంత పెద్ద దేశాలవాళ్లకి తెలీదా?" అన్నారు. వాళ్లకి తెలుసు, వాళ్ల ఊరికి. లోపల ఉత్త పలకలు చాలు, ఆవిరి అటూ ఇటూ పోనివ్వండి, నీళ్లని ఆపి ఆవిరిని వదిలే గుడ్డలాంటి పొర దొరికితే అది బయటి పలకల వెనక వేయించండి అన్నాను. ఏసీ లేని రోజుల్లో కిటికీ తీసి ఉంచమన్నాను. కిటికీ మాట మాత్రం అక్క వెంటనే ఒప్పుకుంది.

డబ్బాల దగ్గరకొస్తే

పూత అనవసరం అని నేను అనడం లేదు. నీటి సంగతి అటుంచండి, ఎండ నుంచి కర్రని కాపాడటానికి పూతే దిక్కు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పీచుల్ని పట్టి ఉంచే లిగ్నిన్‌ని పైపైన విరగ్గొడతాయి, పలక బూడిదరంగుకి తిరిగి గరుకెక్కుతుంది. మా గదికి పడమటి గోడ అన్నిటికన్నా ముందు వెలిసింది, ఉత్తరం గోడకి పాచి పట్టింది. ఒకే కర్ర, ఒకే మందు, ఒకే పూత. అందుకే నాలుగు గోడలకీ ఒకే రోజు పూత వేయించాలన్న పట్టుదల కూడా నాకు లేదు.

గాజులా మెరిసే క్లియర్ వార్నిష్ అంటేనే బావగారికి మోజు. కర్ర అందం కనబడాలట. క్లియర్ వార్నిష్ ఎండని లోపలికి వదిలేస్తుంది. కింద కర్ర ముఖం పాడవుతుంది, పైన పొర పట్టు వదులుతుంది. పలక ఉబ్బి ముడుచుకునే కొద్దీ పొరలో సన్న చీలికలు పడతాయి. వాటిలోంచి దూరిన నీళ్లు పొర కిందే ఉండిపోతాయి. కొన్నాళ్లకి పెచ్చులు లేస్తాయి. మళ్లీ పూయాలంటే మొత్తం గీకాలి. కర్రలోకి ఇంకే రంగు స్టెయిన్ ఇంత అందంగా ఉండదు, నిజమే. కానీ అది ఊడదు, వెలిసిపోతుంది. కడిగి ఆరబెట్టి మళ్లీ ఒక చేయి వేస్తే సరిపోతుంది. అందులో రంగు ఎంత ఉంటే ఎండకి అంత అడ్డు.

కొత్త ట్రీటెడ్ కర్ర చాలాసార్లు తడిగానే వస్తుంది. దాని మీద వెంటనే ఏం పూసినా దండగ. పలక మీద నాలుగు చుక్కల నీళ్లు చల్లండి. ముత్యాల్లా నిలబడితే ఇంకా ఆగాలి, ఇంకిపోతే పూయొచ్చు.

మన వైపు చిట్కాలు రెండున్నాయి. ఒకటి, గ్యారేజీ నుంచి తెచ్చిన పాత ఇంజనాయిల్. అది ఎప్పటికీ ఆరదు, చీరకి అంటుతుంది, కింద మొక్కని చంపుతుంది. దాని ఊసు వద్దు. రెండోది జీడిపిక్కల తొక్క నుంచి తీసే నూనె. పలాస మనకి పక్కనే కదా. పడవలకి పూసేవాళ్లున్నారు, పురుగు దరిచేరదు. ఒంటిమీద పడితే బొబ్బలెక్కుతుంది, నల్లగా అవుతుంది, ఆరడానికి చాలా టైము పడుతుంది. మేము నేల కింద దూలాలకి మాత్రం పట్టించాం, చేతులకి గ్లవుజులు వేసుకుని. మనుషులు ఆనుకునే గోడకి వద్దు.

ఇక ఎప్పుడు పూయాలి? అందరూ వానలకి ముందని మేలో మొదలుపెడతారు. మే ఎండలో పూత పైపైన ఎండిపోయి లోపలికి దిగదు. జగన్నాథుడికి జ్యేష్ఠ పున్నమినాడు 108 కలశాలతో స్నానం చేయించాక పదిహేను రోజులు దర్శనం ఆపి, చాటున ఉంచి, రంగులు దిద్దుతారు. కర్ర దేవుడికి కూడా ఏటా ఒక విరామం ఉందన్నమాట. మన గదికి ఆ విరామం జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఇస్తే మంచిదంటాను. తుఫాన్ల నెలలు దాటిపోతాయి, గాలి పొడిగా ఉంటుంది, కర్ర ఆరి ఉంటుంది, ఎండాకాలానికి పూత తాజాగా సిద్ధమవుతుంది. బావగారికి ఈ పోలిక నచ్చింది కానీ, "ఏటా అయితే నా వల్ల కాదు" అన్నారు. ఏటా పూయక్కర్లేదు, ఏటా చూడాలి. చూరు కాలవలో ఆకులు తీయాలి, పాచి కడగాలి, స్క్రూలు చూడాలి. అంతకు మించి పని ఉండదు.

సిమెంటు గది వేసుకోవచ్చుగా

ఇదంతా విన్న మా పక్కింటి పిన్నిగారు ఒకే మాట అన్నారు, "ఇంత తాపత్రయం ఎందుకమ్మా, రెండు లోడ్ల ఇటుక దింపించుకోక?" దీనికి నా దగ్గర గట్టి జవాబు లేదు. తుఫాను రాత్రి నేనైతే స్లాబు కిందే పడుకుంటాను. కర్రగది చవకా కాదు, మంచి స్క్రూలూ బ్రాకెట్లూ కలుపుకుంటే. ట్రీటెడ్ తుక్కుని పొయ్యిలో పెట్టడానికి కూడా లేదు, పొగలోనూ బూడిదలోనూ ఆ మందే ఉంటుంది. వేడినీళ్లకి పనికొస్తాయని మా పనమ్మాయి మూటగట్టుకుంటుంటే ఆపాల్సి వచ్చింది. తనకి కోపం వచ్చింది కూడా.

అయినా సముద్రం దగ్గర స్లాబులోని ఇనుము తుప్పుపట్టి పెచ్చులూడడం బరంపురంలో చూడనివాళ్లెవరు? సిమెంటుకీ కాపలా కావాలి. దాని జబ్బు లోపలుండి ఆలస్యంగా బయటపడుతుంది, కర్ర జబ్బు ముందే కనబడుతుంది. పలక పాడైతే ఆ పలకొక్కటే మార్చొచ్చు. మధ్యాహ్నం వేడెక్కిన కర్రగది పొద్దు గూకిన కాసేపటికే చల్లబడుతుంది, స్లాబు అర్ధరాత్రి దాకా సెగ కక్కుతుంది. నాకివి చాలు. పిన్నిగారికి చాలలేదు.

నిన్న బావగారు కొత్త ప్లాను వాట్సాప్‌లో పంపారు. చూరు అడుగున్నర ఉంది, నాలుగు వాలుల కప్పుంది, ప్లాస్టిక్ షీట్ తీసేశారు. అరుగు మాత్రం మళ్లీ జానెడే చూపించారు, ఆయన మోకాళ్లకి మెట్లు పడవని. గదికి తగలకుండా, మధ్యలో సందు వదిలి, విడిగా రెండు పొట్టి సిమెంటు మెట్లూ పక్కన పట్టుకోవడానికి ఒక పైపూ వేయించమన్నాను. మేస్త్రితో మాట్లాడి చెబుతానన్నారు. వార్నిష్ గురించి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.